అలంపురం జాలీలు, పగాన్ గ్రంథాగారం

అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు వెళ్లినవారు శిఖరాలనూ ద్వారపాలకులనూ తనివితీరా చూస్తారు, గోడల్లోని రాతి జాలీ కిటికీలను మాత్రం నగిషీ పని కింద జమకట్టేస్తారు. ఆ జాలీ ముందు అవసరం, ఆ తర్వాతే అందం. బాదామి చాళుక్యులు 7వ శతాబ్దంలో కట్టించిన ఈ గుళ్లలో గర్భగుడి చుట్టూ కప్పు కింద ప్రదక్షిణ మార్గం ఉంటుంది. దానికి గాలీ వెలుతురూ ఈ జాలీల్లోంచే రావాలి. రాతిలో తొలిచిన సందులు ఎండ వాడిని విరుస్తాయి, వాన జల్లును చాలామటుకు బయటే ఆపుతాయి. అంత పని చేసే కిటికీకే శిల్పి ఇరువైపులా చిరుస్తంభాలు నిలిపాడు. బౌద్ధ చైత్యాల్లో పుట్టిన గవాక్ష తోరణం ఈ శైవాలయాల మీద కూడా కనిపిస్తుంది.

మయన్మార్‌లోని పగాన్‌లో ఈ అమరికే బౌద్ధుల పవిత్ర గ్రంథాలైన త్రిపిటకాలకు ఇల్లయింది. అనవ్రత రాజు తటోన్ నుంచి ఏనుగుల మీద తెప్పించిన గ్రంథాల కోసం 1058లో పిటకటైక్ అనే గ్రంథాగారాన్ని కట్టించాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. అది సుమారు 51 అడుగుల చదరపు ఇటుక కట్టడం. నడుమ చీకటి గది, చుట్టూ నడవ, తూర్పున వాకిళ్లు, మిగతా గోడలకు రాతి జాలీలు. గ్రంథాలు రాసిన తాటాకు ఎండకు పెళుసెక్కుతుంది, చెమ్మకు బూజు పడుతుంది. వానాకాలపు తడిగాలి జాలీలోంచి రాదా అంటే, వస్తుంది. కానీ గాలి ఆడని గదిలో చెమ్మ నిలిచిపోతే చేటు ఇంకా ఎక్కువ. పైకప్పు మూలల్లో కొయ్య చెక్కడాన్ని తలపించే అలంకరణ 1783లో బోదాఫయా రాజు చేయించిన మరమ్మతుల్లో చేరింది. దాన్ని తీసేసినా గ్రంథానికి నష్టం లేదు, జాలీ పోతే మాత్రం ఉంది.

అలంపురం దేవుడి గుడి, పైగా రెండింటి మధ్య నాలుగు శతాబ్దాల ఎడం, ఒక సముద్రం ఉన్నాయి కదా అనవచ్చు. ఒకటి చూసి మరొకటి కట్టారని నేననడం లేదు, పోలిక అవసరంలో ఉంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు పండితులను పోషించిన ఈ అలంపురం సీమకు దేవుడూ విద్యా వేరని ఎవరూ చెప్పలేరు. పొరుగున కలబురగి జిల్లా నాగావిలోని ఘటికాస్థానం, అంటే విద్యాపీఠం, శాసనం కూడా 1058 నాటిదే. వేదం చదివే 200 మందికి, శాస్త్రాలు చదివే 50 మందికి తోడు ఆరుగురు సరస్వతీ భాండారికులు, అంటే గ్రంథపాలకులు, అందులో ఉన్నారు.

అసలైన చిక్కు తిరుమలలో ఎదురవుతుంది. భాష్యకారుల సన్నిధి దగ్గరి సంకీర్తనా భాండారం చిన్న రాతి అర, దానికి జాలీ లేదు. అయితే అందులో దాచింది తాటాకు కాదు, అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు. రాగికి బూజు భయం లేదు, వెలుతురుతో పేచీ లేదు. కిటికీ అక్కర్లేని ఆ గోడ మీద శిల్పి అర ముందు ఇరుపక్కలా అన్నమాచార్యుల, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల రూపాలు నిలిపాడు. దొరికిన రేకుల మీది కీర్తనలు 20వ శతాబ్దంలో అచ్చుకెక్కాయి.