ముందు గాదె నిండాలి, తర్వాతే అంగడి

ఎపిసోడ్‌లో టైం సరిపోక వదిలేసిన చరిత్రను ఇక్కడ రాస్తున్నా. రూంలో తీరిగ్గా చదువుకోండి.

మస్కట్ పోయినా, సొహార్ పోయినా, దుక్మ్ పోయినా క్యాంపుల్లో మనోళ్ల మాట ఒక్కటే: "ఇంకో రెండేళ్లు చేసి ఊరికి పోతా. ఉన్న మూడెకరాల్లో ఆర్గానిక్ పండించి, ప్యాకెట్లు కట్టి హైదరాబాద్‌లో అమ్ముతా." మంచి ఆలోచనే. అయితే ఇలాంటి పని ముందే చేసి చూపించినవాళ్లు మన తెలంగాణలోనే ఉన్నారు. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది దళితులు. వాళ్లు ఏ పని ముందు చేశారు, ఏది తర్వాత చేశారు అన్నదే మనం నేర్చుకోవాల్సింది.

కథ 1983లో మొదలవుతుంది. ఆ ఏడాదే పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. డీడీఎస్ అంటారు. దాన్ని చాలా ఏళ్లు నడిపించిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి. అదే 1983లో ఎన్టీఆర్ సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. పేదోడి కడుపు నిండింది, కాదనలేం. కానీ అక్కడివి వానమీద బతికే మెట్ట భూములు. జొన్న, కొర్ర, సామ, కంది పండే నేల. దుకాణంలో బియ్యం చౌకగా దొరుకుతుంటే జొన్నకు ఎవరు పెట్టుబడి పెడతారు? భూసంస్కరణల్లో పేదలకు వచ్చిన చెలకలు మొదలే రాళ్లురప్పలు. అవి పడావు పడ్డాయి. పేరుకు భూమి ఉంది, బతుకు మాత్రం కూలి మీదే.

ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. వాళ్లు మొదట పట్టుకున్నది వ్యాపారం కాదు, భూమి. రాళ్లు ఏరారు, గట్లు వేశారు, పెంట తోలారు. 1990ల మధ్యలో పెద్ద అడుగు పడింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో 30 దాకా ఊళ్లలో, 2,500 ఎకరాలకు పైగా పడావు భూమిని మళ్లీ సాగులోకి తెచ్చారు. రైతుకు సాగు ఖర్చు అప్పుగా ఇచ్చారు. తీర్చాల్సింది పైసలతో కాదు, జొన్నలతో, కొన్నేళ్ల పాటు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండేవి. తిండికి కటకట వచ్చే కాలంలో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చేవారు. పేదలెవరో ఏ ఆఫీసరూ తేల్చలేదు. ఊరి ఆడవాళ్లే అందరి ముందు కూర్చుని నిర్ణయించారు. అంటే రేషన్ దుకాణాన్ని ఊరే నడిపింది.

విత్తనం సంగతీ అంతే. కొనే పని లేకుండా ఇంట్లోనే బూడిద, వేపాకు కలిపి దాచారు. అడిగినవాళ్లకు అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక కొంత కలిపి వెనక్కి తీసుకునేవారు. ఒకే చెలకలో పది రకాలు కలిపి వేయడంతో, వాన మోసం చేసినా ఏదో ఒకటి చేతికొచ్చేది.

ఇవన్నీ నిలబడ్డాకే అంగడి. ఇంటికి పోను మిగిలిందే అమ్మకానికి. సంఘం పేరుతో జహీరాబాద్‌లో చిరుధాన్యాల దుకాణం, తర్వాత చిరుధాన్యాల వంటల హోటల్ వచ్చాయి. ఇది ఆర్గానికే అని నమ్మకం ఎట్లా? ఖరీదైన సర్టిఫికెట్ల బదులు పక్క రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి పెట్టుకున్నారు. పక్కింటామె కళ్లు కప్పడం కష్టం కదా! 2008లో మాచ్‌నూర్‌లో వాళ్ల సంఘం రేడియో మొదలైంది. 2019లో డీడీఎస్‌కు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. అది ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్న ఏడాది.

ఇదే క్రమం మనం పనిచేస్తున్న ఈ ఒమన్‌లోనూ కనిపిస్తుంది. నిజ్వా వైపు పోయినవాళ్లు ఫలజ్ దారిస్ కాలువ చూసే ఉంటారు. ఇలాంటి కాలువలు దేశంలో 3,000 దాకా ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫలజ్ నీళ్లు ముందు తాగడానికి, తర్వాత ఖర్జూర తోటలకు, ఆ తర్వాతే సీజన్ పంటలకు. నీళ్లు తగ్గితే కోత పడేది చివరివాటికే. పొలాలకు నీటి వంతు గంటల లెక్కన పంచుతారు. కొన్ని వంతులు కాలువ పేరు మీదే ఉంటాయి. వాటిని వేలం వేసి వచ్చిన డబ్బుతో మరమ్మతులు చేస్తారు. అటు జహీరాబాద్, ఇటు నిజ్వా, రెండు చోట్లా లెక్క ఒకటే: ముందు బతుకు, తర్వాత బేరం. నడిపేది ఒక్క మనిషి కాదు, ఊరు.

మనం చేసేది దీనికి తలకిందులు. సర్వీసు పైసలు చేతికి రాగానే బోరు, షెడ్డు, ప్యాకింగ్ మిషన్. బోరు ఎండితే అప్పు, మళ్లీ వీసా. పునాది ఆరకముందే స్లాబ్ పోస్తే ఏమవుతుందో సైట్ మీద ఉన్నోళ్లకు నేను చెప్పాలా?

ఇంకో మాట. మనం ఇక్కడుంటే ఊళ్లో పొలం చూసేది ఎవరు? మన ఇంటి ఆడవాళ్లే. ఏ చెలకలో ఏది పండుతుందో, ఏ ఇంట్లో పాత విత్తనం ఉందో, సంఘంలో ఎవరి మాట నమ్మొచ్చో వాళ్లకే తెలుసు. మన ప్లాన్ మొత్తం ఫోన్‌లో మనమే చెప్తాం, వాళ్లను ఒక్క మాట అడగం. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మిషన్ రేటు కాదు, ఇది అడగండి: "మన చెలకలో ఇంటికి సరిపోను ఏమేం పండుతాయి? నీతో కలిసొచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారు?" ఆ జవాబు వచ్చాకే పైసల లెక్క.