నానీ సీసాలో రోగన్

మా చెల్లెలి కూతురి నికాహ్‌కి నాలుగు రోజుల ముందు మాంఝా. పసుపు జోడా వేసుకుని పిల్ల పీట మీద కూర్చుంది. ఒక పక్క చిక్సా గిన్నె, ఇంకో పక్క చమేలీ నూనె సీసా. రివాజు ప్రకారం అన్నీ ఉన్నాయి. పిల్ల బుగ్గలే బాగా లేవు. రెండూ ఎర్రగా కంది, పొట్టు లేస్తున్నాయి. చిక్సా వేలితో తాకించగానే "మంట ఖాలా" అని మొహం తిప్పేసుకుంది.

"ఏం రాశావు బేటీ?" అని అడిగాను. పిల్ల మాట్లాడలేదు. చెల్లెలే లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చి చూపించింది. ఏమేం కలిపారో దాని మీద ఒక్క ముక్క రాసి లేదు. రెండు నెలల నుంచి రాస్తోందట. మొదట్లో నిఖార్ వచ్చిందట కూడా. "ఫోటో చూసి వాళ్లు రంగ్ జరా దబా హువా హై అన్నారు ఆపా, నేనేం చేసేది?" అంది చెల్లెలు. ఆ రోజు చిక్సా చేతులకీ కాళ్లకీ మాత్రమే పూశాం. మొహాన్ని వదిలేశాం. మాంఝాలో మొహం వదిలేయడం మా ఖాందాన్‌లో నేను చూడటం అదే మొదటిసారి.

మన బుజుర్గులు మొహానికి ఏం రాసుకునేవారో అప్పటి నుంచే వెతకడం మొదలుపెట్టాను. చిక్సా పొడి సంగతి అందరికీ తెలుసు. దాన్ని తడిపే నూనె సంగతే ఎవరూ చెప్పరు. నాకు మాత్రం కథంతా ఆ నూనెలోనే కనిపించింది.

ముందు మాట సంగతి. అరబీలో నూనెని జైత్ అంటారు. అది జైతూన్‌కి చుట్టం. అక్కడివాళ్లకి నూనె అంటే జైతూన్ నూనే. మన వైపు చూడండి. తిలల నుంచి వచ్చింది తైలం. తెలుగు నూనెలో ఉన్నదీ నువ్వే: నువ్వుల నెయ్యి, నూనె. అంటే వాళ్ల జుబాన్‌లో ఒక చెట్టు కాయ, మన జుబాన్‌లో ఒక గింజ. ఇక ఫార్సీ నుంచి మనకి వచ్చిన మాట రోగన్. (మా వీధిలో కొత్తగా దిగిన ఒక తెలుగు పంతులుగారు "రోగన్ రాసుకుంటారా? రోగం వస్తుందేమో" అని మా నానీని ఆటపట్టించేవారు. నానీ ఆయనకి ఆ రోగనే ఒక చిన్న సీసాలో పోసి ఇచ్చింది. శీతాకాలం మొత్తం ఆయన ఇంకేమీ అనలేదు.)

తిబ్బ్ కితాబుల్లో ఈ వ్యవహారానికి జీనత్ అని పేరు, అంటే అలంకారం. ఇబ్న్ సీనా తన అల్-ఖానూన్ నాలుగో కితాబులో జుట్టు, చర్మం రంగు, మచ్చలు, గోళ్లు, చివరికి లావూ సన్నమూ కూడా ఈ ఖాతాలోనే వేశాడు. కుర్తుబా దగ్గర మదీనతుజ్జహ్రాలో పుట్టిన అల్-జహ్రావీని ఇవాళ అందరూ జర్రాహీకి, అంటే కోత వైద్యానికి, తల్చుకుంటారు. అదే పెద్దమనిషి 30 భాగాల తన అల్-తస్రీఫ్‌లో 19వ భాగం మొత్తం సుగంధాలకీ జీనత్‌కీ ఇచ్చాడు. కత్తి పట్టిన చెయ్యి మొహానికి రాసుకునే లేపనం గురించి రాయడానికి నామోషీ పడలేదు. అంతకు ముందే 9వ శతాబ్దపు బగ్దాద్‌లో అల్-కిందీ అత్తర్ల తయారీ మీద కితాబు రాశాడు. అందులో నుస్ఖాలు వందకు పైనే.

ఇంట్లో చేసే క్రీముకి కూడా ఈ సిల్సిలాలో పాత పేరు ఉంది. తేనెమైనం కరిగించి నూనెలో కలిపి, చల్లారాక గట్టిపడితే దాన్ని ఖైరూతీ అనేవారు. మాట యూనానీ, అంటే గ్రీకు. జాలీనూస్, అంటే గేలెన్, గులాబీ వాసన పట్టించిన జైతూన్ నూనెలో మైనం కలిపి, అందులో నీళ్లు పట్టించిన లేపనం 2వ శతాబ్దం నాటిది. ఇప్పటి కోల్డ్ క్రీముకి అదే దాదా. యూనానీ దవాఖానాల్లో ఖైరూతీ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

పండు నూనె ముచ్చట ఒకటి చెప్పి మన వైపు వచ్చేస్తాను. షామ్ దేశంలో హలబ్ సబ్బు ఉంది. జైతూన్ నూనెలో గార్ చెట్టు పండ్ల నూనె కలిపి వండుతారు. ఆ చిన్న నల్లటి పండ్లని నీళ్లలో ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది, దాన్ని తేరుకుంటారు. కోసిన సబ్బుని నెలల తరబడి ఆరబెడతారు. పైన గోధుమ రంగు, కోస్తే లోపల పచ్చ. దుబాయ్‌లో పనిచేసే మా మామూ వచ్చినప్పుడల్లా రెండు తెస్తాడు. 2024లో యునెస్కో ఈ పనితనాన్ని తన విరాసత్ జాబితాలో చేర్చింది. అంత జంగ్ జరిగిన ఊరిలో ఇంకా సబ్బు వండుతున్నారంటే నాకు మాటలు రావు.

ఇక దక్కన్. ఇక్కడి నూనె కథ నిజంగా అందమైనది. పువ్వుని నూనెలో వేస్తే పువ్వులోని తడి చేరి నూనె చెడుతుంది. అందుకని మనవాళ్లు నూనెని వదిలి గింజని పట్టుకున్నారు. నువ్వులు కడిగి, పొట్టు తీసి, ఆరబెట్టి, ఒక పొర నువ్వులు, ఒక పొర మల్లెలు పరుస్తారు. వాడిన పువ్వులు తీసేసి మళ్లీ తాజావి వేస్తారు. ఇలా కొన్ని రోజులు. గింజలోని కొవ్వే వాసన తాగుతుంది. ఆ తర్వాత గానుగకి. అప్పుడు వచ్చే నూనె ఫులేల్, అంటే ఫూల్ కా తేల్. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో ఈ పద్ధతి ఉంది. ఆయన రాజధాని ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. నాలుగు వందల ఏళ్లు దాటాక అదే గడ్డ మీద, బీజాపూర్‌లో, రెండో ఇబ్రాహీం ఆదిల్ షా కోసం ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ అనే సుగంధాల రిసాలా తయారైంది. ఒకటి సంస్కృతం, ఒకటి ఫార్సీ. మల్లెపువ్వుకి ఆ ఫర్క్ తెలియదు.

ఉత్తరాన అక్బర్ ఖుష్బూఖానాలో ఏమేం తయారయ్యేవో అబుల్ ఫజల్ ఆయీన్-ఎ-అక్బరీలో పట్టీ రాశాడు. అందులో ఉబ్టన్ కూడా ఉంది, మన నలుగుపిండికి అక్కే. కానీ మనకి ఇంకా దగ్గరి గవాహీ ఇంకొకటి ఉంది. 1832లో లండన్‌లో అచ్చయిన ఖానూన్-ఎ-ఇస్లాం. రాసినవాడు జాఫర్ షరీఫ్, ఏలూరులో పుట్టిన మున్షీ. మద్రాసు సర్కారులో సర్జన్ హెర్క్‌లాట్స్ అడిగితే దక్కనీలో రాశాడు, ఆయన ఇంగ్లీషులోకి మార్చాడు. మన ఛట్టీ, అఖీఖా, పెళ్లి, మయ్యత్ రస్ములన్నీ అందులో ఉన్నాయి. పెళ్లి పసుపూ ఉంది, చిక్సా పేరూ ఉంది. ఏలూరు మనిషి రాసిన ఆ మాటని దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత మా చెల్లెలి ఇంట్లో ఇంకా అలాగే పలుకుతున్నాం.

మా నానీ మొహానికి చేసేది మాత్రం బాదం రోగన్. అదీ పిడికెడంత. తియ్యబాదం రాత్రి నానబెట్టి, పొద్దున తొక్క తీసి, నీడలో పూర్తిగా ఆరనిచ్చేది. రోట్లో మెత్తగా దంచి, వెడల్పు గిన్నెలో వేసి, వేడినీళ్లు చుక్కలు చుక్కలుగా చిలకరిస్తూ అరచేత్తో పిసికేది. చాలాసేపటి వరకు ఏమీ రాదు. ఓపిక పోయే సమయానికి ముద్ద గట్టిపడి, అంచున నూనె మెరుస్తుంది. బాదంలో సగం బరువు నూనే, కానీ చేత్తో పిండితే అందులో కొంతే దక్కుతుంది. ఆ నూనెని మల్‌మల్ గుడ్డలో వడకట్టి, ఎండలో పెట్టి తడి పోనిచ్చి, సీసాలో పోసేది. మిగిలిన పిప్పి మా పిల్లల మొహాలకి, మోచేతులకి. చేదుబాదం ఒక్కటి తగిలినా నానీ మొత్తం పక్కన పెట్టేది. అందులో విషం ఉంటుందని ఆమెకి కెమిస్ట్రీ చెప్పలేదు, వాళ్ల అమ్మీ చెప్పింది. "మూఁ కు తేల్ హోనా, చూనా నక్కో" అనేది నానీ. మొహానికి నూనె కావాలి కానీ సున్నం వద్దు అని. పౌడరు దట్టంగా కొట్టుకునే మా ఖాలా మీద ఆ దెబ్బ.

తెల్లరంగు మోజు ఈ కాలపు క్రీములతోనే వచ్చిందనీ, పాతరోజుల్లో అంతా పాక్-సాఫ్ అనీ రాయాలని నాకు ఎంతో ఉంది. కానీ అది ఝూట్ అవుతుంది. అవే జీనత్ బాబ్‌లలో రంగు తేర్చే లేపనాలూ ఉన్నాయి. పాత హకీముల మందుల్లో ఇస్ఫీదాజ్ అనేది తరచూ కనిపిస్తుంది. ఫార్సీలో సఫేదా. సీసం మీద సిర్కా పనిచేయించి తీసే తెల్లపొడి. మరహంలలో వేసేవారు, మొహానికీ పూసేవారు. యూరప్ బేగమ్‌లు కూడా శతాబ్దాల పాటు అదే పూసుకున్నారు. సీసం విషం. అంటే రోగన్ సీసా, సఫేదా డబ్బీ రెండూ ఒకే తాఖ్‌లో, పక్కపక్కనే మనకి విరాసత్‌గా వచ్చాయి. పాతది కాబట్టి మంచిది అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. ఆ డబ్బా క్రీములు కొత్తవే, కానీ నాకు అవి సఫేదా ఔలాద్‌లా కనిపిస్తాయి. 1 పీపీఎం కన్నా ఎక్కువ పాదరసం ఉన్న తెల్లబరిచే క్రీముల తయారీని ఆపేయాలని మినమాటా ఒప్పందం 2020 గడువు పెట్టింది. గడువు వెళ్లిపోయింది, డబ్బాలు పోలేదు.

నూనెని మొహం మీద నుంచి దింపింది మాత్రం స్నో. 1919లో బొంబాయిలో ఈ.ఎస్. పటన్‌వాలా అఫ్ఘాన్ స్నో మొదలుపెట్టాడు. ఇలాంటి స్నోలు స్టియరిక్ ఆసిడ్‌తో చేసేవి. రాస్తే చర్మంలో కలిసిపోయినట్టు ఉంటుంది, జిడ్డు మెరవదు. జిడ్డు మొహం అంటే పల్లెటూరి మొహం అనే ఖయాల్ అప్పుడే బలపడిందని నా అనుమానం. పేరు కూడా చూడండి, మంచు. నానీ జహేజ్ పెట్టెలో కూడా ఒక స్నో సీసా ఉండేది. ఖాళీ అయ్యాక అందులోనే బాదం రోగన్ పోసుకుంది.

మళ్లీ పిల్ల దగ్గరికి. వలీమా అయిన రెండో రోజు చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. డబ్బా చూసి, బుగ్గలు చూసి, స్టెరాయిడ్ కలిపినట్టుంది, వెంటనే ఆపేయండి అన్నారు. నేను తయారుగా ఉన్నాను. "డాక్టర్ సాబ్, బాదం నూనె రాయొచ్చా?" అని అడిగాను. "ఇప్పుడు ఏదీ వద్దమ్మా. చర్మం చెదిరి ఉంది, మీ నూనె కూడా మండుతుంది" అన్నారు. నాకు కాస్త సిగ్గేసింది. అన్ని కితాబులు తిరగేసి, పిల్ల మొహం చూడకుండా సవాల్ వేశానని.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. అన్ని నూనెలూ అన్ని మొహాలకీ పడవు. మొటిమలు వచ్చేవాళ్లకి నూనె రాస్తే అవి పెరగొచ్చు. కలోంజీ నూనె కొందరికి దద్దుర్లు తెస్తుంది. 2013లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో 19 మంది మీద చూస్తే, జైతూన్ నూనె చర్మపు పై పొరని బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదు. ఇది చదివి ఎవరి మనసూ నొచ్చుకోనక్కర్లేదు. ముబారక్ చెట్టు బరకత్ ఒక పరీక్షతో తగ్గిపోదు. మొహానికి ఏది పడుతుందో చూసుకోమనే ఆ మాట.

నాలుగు నెలలు పట్టింది బుగ్గలు చల్లబడటానికి. మొన్న పిల్ల అత్తారింటి నుంచి ఫోన్ చేసి "ఖాలా, నానీది ఆ బాదం నూనె నీకు తీయడం వచ్చా?" అంది. ఎప్పుడూ తీయలేదు, చూశానంతే. పావుకిలో బాదం నానబెట్టాను. గంటసేపు పిసికితే చేతులు పడిపోయాయి కానీ, వచ్చింది. అరచెంచా ఎక్కువో తక్కువో రెండు చెంచాలు. నిన్న తను వచ్చి సీసా మూత తీసి వాసన చూసింది. ముందు ఒక చుక్క చెవి వెనక రాసుకుని, "రేపటిదాకా చూస్తాను" అని సీసా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.