సిద్దిపేట ఉపయెన్నికలు: అనంతుల మదనమోహనుగారి రాజకీయ చరిత్రము

శాసనసభ్యుఁడు మరణించినను, పదవి విడిచినను, వేఱొక సభకుఁ బోయినను ఖాళీయైన స్థానమునకు జరుగు నెన్నికను ఉపయెన్నిక యందురు. ఒక్క స్థానము చేతులు మాఱినంతనే ప్రభుత్వములు మాఱవు. కావున చరిత్రకారులు వీనిని సాధారణముగా గణింపరు. అయినను ఒకానొకప్పుడు ఒక్క మండలపు టెన్నికయే దేశము ముందొక ప్రశ్నను నిలుపును. ఐర్లాండునందలి క్లేరు మండలమున 1828లో జరిగిన యుపయెన్నిక యిందులకుఁ బ్రసిద్ధమైన దృష్టాంతము. కాథలిక్కులు పార్లమెంటునఁ గూర్చుండుటకు వీలులేని యాకాలమున డేనియలు ఓకానెలు అనెడి కాథలిక్కు అచట నిలిచి గెలిచెను. మఱుసటి యేఁటనే యా నిషేధము తొలఁగెను. మన దేశమున నట్టి చరిత్రముగల యూరు సిద్దిపేట. ఆ చరిత్రమునకు మొదటి పుట వ్రాసినవారు అనంతుల మదనమోహనుగారు.

సిద్దిపేట హైదరాబాదునుండి కరీంనగరమునకుఁ బోవు మార్గమునందలి పట్టణము. 1952లో నిచటఁ బురపాలక సంఘ మేర్పడెను. 2016 అక్టోబరు వఱకు నిది మెదకు జిల్లాలోనిది. పిమ్మట స్వయముగా జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. 1967 ఎన్నికలలో నీ స్థానమునుండి కాంగ్రెసు పక్షమున వి. బి. రాజుగారు గెలిచిరి.

1969 జనవరిలోఁ దెలంగాణమున విద్యార్థుల యాందోళనము చెలరేఁగెను. 1956 నాఁటి పెద్దమనుషుల యొడంబడికలోని రక్షణలు అమలు గాలేదనియు, ముల్కీ నియమములను మీఱి యుద్యోగము లితరుల కిచ్చుచున్నారనియు, తెలంగాణపు మిగులు ధనము అన్యత్ర వ్యయమగుచున్నదనియు నాందోళనకారుల యభియోగము. ఆ యేఁటి మార్చిలోఁ దెలంగాణ ప్రజాసమితి వెలసెను. న్యాయవాదియగు మదనమోహనుగారు దానికిఁ దొలి యధ్యక్షులైరి. మే నెలలో మఱ్ఱి చెన్నారెడ్డిగారు సమితిలోఁ బ్రవేశింపఁగా నాయకత్వము వారికి సంక్రమించెను. అయితే చెన్నారెడ్డిగారి 1967 ఎన్నికను న్యాయస్థానము 1968లో రద్దుచేసి వారిని పోటీకి అనర్హులను గావించి యుండెను. సమితికి నాయకుఁడుండియు, ఆ నాయకుఁడు వోటర్ల యెదుట నిలువలేని విచిత్రస్థితి యది.

1970లో రాజుగారు రాజ్యసభకు సభ్యులైరి. ఆ యేఁటనే సిద్దిపేటకు ఉపయెన్నిక వచ్చెను. సమితి పక్షమున మదనమోహనుగారు నిలిచి గెలుపొందిరి. వీథులలోఁ బుట్టిన ప్రశ్న శాసనసభ ద్వారమును జొచ్చెను. 1971 లోక్‌సభ యెన్నికలలోఁ దెలంగాణమునందలి 14 స్థానములలో 10 సమితికి లభించెను.

గెలుపు తరువాతనే పరీక్ష వచ్చినది. 1971 సెప్టెంబరులోఁ గాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవి విడిచిరి, పి. వి. నరసింహారావుగారు దాని నలంకరించిరి. సమితి కాంగ్రెసులో విలీనమయ్యెను. ఆ విలీనమున కొడంబడనివారు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితిగా నిలిచిరి. 1972 శాసనసభ యెన్నికలలోఁ గాంగ్రెసు రాష్ట్రమంతటను విజృంభింపఁగా నీ నూతన సమితికి దక్కిన స్థాన మొక్కటియే. అది సిద్దిపేట, సభ్యులు మదనమోహనుగారు. ఉద్యమవేగమునఁ గలిగిన 1970 గెలుపుకన్న, ఉద్యమము చల్లాఱిన పిదపఁ గలిగిన యీ గెలుపే వారి చరిత్రమున నెక్కువ గణనీయమని నా యభిప్రాయము.

కాలక్రమమున వారును గాంగ్రెసునఁ జేరి 1978లో నిందిరా కాంగ్రెసు పక్షమున నెన్నికైరి. 1983లోఁ దెలుగుదేశ ప్రభంజనము వీచెను. 294 స్థానములలో రెండువందలకుఁ బైగా నా పక్షమునకే పోయినను సిద్దిపేట మదనమోహనుగారిని విడువలేదు. ఆధిక్యము మాత్రము 877 వోట్లు. ఓడిన యువకుఁడు కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు. వీరు కాంగ్రెసులో నున్ననాఁడు మదనమోహనుగారియొద్దనే రాజకీయము నేర్చిరని ప్రతీతి. 1985లోఁ జంద్రశేఖరరావుగా రీ స్థానమును గెలిచిరి. 1989లోఁ గాంగ్రెసు మరల రాష్ట్రాధికారమునకు వచ్చెను గాని, సిద్దిపేటలో మాత్రము మదనమోహనుగారు 13 వేలకు మించిన వోట్లతో శిష్యునిచేత నోడిపోయిరి. 1994లోను ఫలితమట్లే యయ్యెను.

ఈ మూఁడు తేదీలను గలిపి చూడవలెను. 1972, 1983, 1989 సంవత్సరములలో రాష్ట్ర మొకత్రోవఁ బోఁగా సిద్దిపేట వేఱొకత్రోవఁ బోయినది. మొదటి రెండుమాఱు లా స్వతంత్రబుద్ధి మదనమోహనుగారిని గాచినది. మూఁడవమాఱు వారినే త్రోసిపుచ్చినది. కావున నీ వోటర్లు ఒక పక్షమునకో, ఒక వ్యక్తికో కట్టువడినవా రనుట పొసఁగదు.

ఇఁక ఉపయెన్నిక మాట. 1970లో ఖాళీ దానంతట వచ్చినది. 2001లో నది కోరి తెచ్చుకొన్నది. ఆ యేఁడు ఏప్రిలు 27న చంద్రశేఖరరావుగారు ఉపసభాపతి పదవిని, శాసనసభ్యత్వమును వదలి తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించిరి. సెప్టెంబరు ఉపయెన్నికలో 58 వేలకుఁ బైఁబడిన యాధిక్యముతో గెలిచిరి. ఈ రెంటి నడుమ శాసనమున నొక మార్పు గలిగినది. ప్రజాప్రాతినిధ్య చట్టమున 1996లోఁ జేర్చిన 151-ఏ విభాగముచే, కొన్ని మినహాయింపులు తప్ప, ఖాళీయైన స్థానమును ఆఱు మాసములలోఁ బూరింపవలసి వచ్చెను. అందువలన రాజీనామా యిచ్చువాఁడు ప్రజల తీర్పు ఎప్పటిలోగా వచ్చునో ముందే యెఱుఁగఁగలఁడు. పదవీత్యాగము ప్రజాభిప్రాయసేకరణమునకు సాధనమగుటకు నిది దోహదము చేసినది. 2004, 2008, 2010 సంవత్సరములలోను సిద్దిపేటకు ఉపయెన్నికలు వచ్చెను. మూఁటను దన్నీరు హరీశ్‌రావుగారు గెలిచిరి. వీనిలో 2008, 2010 ఎన్నికలు ప్రత్యేక రాష్ట్రము కొఱకుఁ జేసిన రాజీనామాల ఫలములే. 2010 నాఁటి యాధిక్యము 95 వేలకు మించినది.

అయినను వోటు వేఱు, శాసనము వేఱు. రాజ్యాంగపు 3వ యధికరణము ననుసరించి క్రొత్త రాష్ట్రమును నిర్మించు నధికారము పార్లమెంటుది. సంబంధించిన శాసనసభ యభిప్రాయమును గోరవలెనే కాని దానికిఁ గట్టువడ నక్కఱలేదు. 2014 జనవరిలో నాంధ్రప్రదేశ శాసనసభ విభజన బిల్లును దిరస్కరించినను, ఫిబ్రవరిలోఁ బార్లమెంటు దాని నామోదించుటయు, జూను 2న తెలంగాణ మవతరించుటయు నిందుచేతనే సాధ్యమయ్యెను. క్లేరు తీర్పునకు ఫలము ఒక్క యేఁటిలో లభించినది. సిద్దిపేట 1970 తీర్పునకు 44 ఏండ్లు పట్టినది.

ఆ ఫలమును జూచి విత్తినవానిని మఱచుట లోకస్వభావము. ఇటీవలి పెద్ద యాధిక్యముల సంఖ్యలు పలువురకుఁ గంఠస్థములు. కాని 1970లో నొక న్యాయవాది సాధించిన తొలి గెలుపును, 1972లో ఆయన యొంటిగా నిలుపుకొన్న యొక్క స్థానమును, 1983లో ఆయనను గాచిన 877 వోట్లను విడిచినచో సిద్దిపేట చరిత్రము మొదలులేని కథయగును. పాఠశాలలలో స్థానిక చరిత్రము బోధించు పండితులు, పిమ్మట నెవరు గెలిచిరను మాటతోఁ దృప్తిపడక, మొదట నెవరు నిలిచిరను మాటను సైతము విద్యార్థులకుఁ దెలుపుదురుగాక.