సగం బరువు, సగం బలం: డెల్టావింగ్ కథ

అమెరికాలో ఇండీకార్ పోటీలకు 2012 నుంచి కొత్త కారు కావాల్సి వచ్చినప్పుడు, చిప్ గనాసీ జట్టులో పనిచేస్తున్న బ్రిటిష్ డిజైనర్ బెన్ బౌల్బీ ఒక మొండి ప్రశ్న పట్టుకున్నాడు. అదే వేగం సగం బరువుతో, సగం ఇంజన్ బలంతో, సగం ఇంధనంతో ఎందుకు రాకూడదు? దానికి జవాబుగా గీసిన కారును 2010 ఫిబ్రవరిలో షికాగోలో ప్రదర్శించారు. పేరు డెల్టావింగ్. చూసినవాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు మైమరచిపోయారు. ఇండీకార్ మాత్రం ఆ ఏడాది జులైలో డల్లారా కంపెనీని ఎంచుకుంది.

అంతటితో ఆ కాగితాలు అటక ఎక్కాల్సింది. ఎక్కనివ్వనిది డాన్ పానోజ్. మందుల వ్యాపారంలో సంపాదించి, అమెరికన్ లె మాన్ సిరీస్‌ను స్థాపించిన మనిషి. 1967లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన డాన్ గర్నీ కాలిఫోర్నియాలోని తన కర్మాగారంలో కారు కడతానన్నాడు. టైర్లు మిషెలిన్ చేసింది. 1.6 లీటర్ల టర్బో ఇంజన్‌తో నిస్సాన్ వచ్చి చేరింది. లె మాన్ నిర్వాహకులు గ్యారేజ్ 56 ఇచ్చారు. అది కొత్త సాంకేతికతను చూపించే కారు కోసం మామూలు 55 కార్లకు అదనంగా పెట్టిన చోటు. ఫలితాల పట్టికలో స్థానం ఉండదు.

ఆ ఆకారం గురించి కాస్త చెప్పాలి. ముందు చక్రాల మధ్య దూరం దాదాపు 60 సెంటీమీటర్లు, వెనక చక్రాల మధ్య 170. ముందు టైరు వెడల్పు 10 సెంటీమీటర్లే. మలుపులో ఆటోలా బోల్తా పడదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆటోలో బరువు ఎత్తున ఉంటుంది. ఇక్కడ బరువు నేలకు దగ్గరగా ఉంది, అందులో 70 శాతానికి పైగా వెనకే. మలుపులో పక్కకు ఒరగకుండా ఆపే పని దాదాపు మొత్తం వెనక చక్రాలదే. ముందు చక్రాలకు మిగిలింది తేలికైన ముక్కును తిప్పడం, అందుకు సన్నటి టైర్లు చాలు. గాలిని చీల్చుకుపోయే ముఖం సన్నబడింది కాబట్టి 300 హార్స్‌పవర్ సరిపోయింది. రెక్కలు లేవు. కారును నేలకు అదిమే పని అడుగుభాగానిదే. మొత్తం బరువు 475 కిలోలు. ఆనాటి లె మాన్ ప్రోటోటైప్‌లు 900 కిలోలు.

లె మాన్ క్వాలిఫైయింగ్‌లో డ్రైవర్ మైఖేల్ క్రమ్ 3 నిమిషాల 42 సెకన్లలో చుట్టు పూర్తి చేశాడు. 56 కార్లలో 29వ స్థానం. నవ్వినవాళ్ళకు ఆ అంకె చాలు.

రేసు ఆరో గంటలో, 75 చుట్లు అయ్యాక, పోర్షే మలుపుల దగ్గర కజుకి నకజిమా నడుపుతున్న టొయోటా తగిలింది. కారు గోడను కొట్టుకుంది. అప్పుడు నడుపుతున్నది సతోషి మోటొయామా. ట్రాక్ మీద ఆగిన కారును డ్రైవర్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. మెకానిక్‌లు కంచె అవతల నిలబడి ఏది విప్పాలో చెబుతుంటే, ఆయన గంటన్నర పాటు ఒక్కడే విరిగిన కారుతో పెనుగులాడాడు. ఫలితాల్లో చోటే లేని కారు కోసం ఇంత తపన! లె మాన్ చరిత్రలో ఇంతకంటే గొప్ప ఓటమి నాకు తెలియదు. కారు కదల్లేదు.

అదే ఏడాది అక్టోబరులో అట్లాంటా దగ్గర జరిగిన పెటీ లె మాన్ రేసుకు ముందు ప్రాక్టీసులో మరో కారు తగిలి డెల్టావింగ్ పల్టీ కొట్టింది. బాగుచేసి రేసులో దింపారు. గన్నర్ జానెట్, లూకాస్ ఓర్డోనెజ్ నడిపారు. మొత్తం మీద అయిదో స్థానం. నా లెక్కలో బౌల్బీ ప్రశ్నకు జవాబు ఆ రోజే వచ్చింది.

తర్వాత దారులు చీలాయి. బౌల్బీ నిస్సాన్‌తో వెళ్ళాడు. ఇలాంటి ఆకారంతోనే నిస్సాన్ తెచ్చిన మరో కారు మీద పానోజ్ కోర్టుకెక్కాడు. డెల్టావింగ్‌కు పైకప్పు పెట్టి, ఇంజన్ మార్చి, 2016 దాకా అమెరికాలో పరిగెత్తించాడు. లె మాన్‌లో మాత్రం ఆ కారు మళ్ళీ దిగలేదు.