దొడ్లో బాయిలర్ నుంచి బాత్రూంలో గీజర్ దాకా

చలి మొదలైంది. మన ఊళ్ళోనూ గ్యాస్ గీజర్లు పెట్టించుకుంటున్నారు. దాని పుట్టుక సంగతి కాస్త చెబుతా.

గీజర్ అనే మాట ఐస్‌లాండ్ దేశానిది. అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే ఒక ఊట పేరు అది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే పెయింటరు గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం చేసి ఆ పేరే పెట్టాడు. తెలివైనవాడే. కానీ పొగ పోయే గొట్టం పెట్టలేదు. మంట తాలూకు గాలంతా స్నానాల గదిలోనే!

మన రాగి బాయిలర్ చూడండి. మధ్యలో గొట్టం, అందులో పుల్లలో బొగ్గులో, చుట్టూ నీళ్ళు. పైన చన్నీళ్ళు పోస్తే పక్క కొమ్ములోంచి వేణ్ణీళ్ళు వచ్చేవి. పొగకి కళ్ళు మండి తిట్టుకునేవాళ్ళం గానీ, అది దొడ్లో ఉండేది.

గ్యాస్‌కి ఆ పొగ కనపడదు. గాలి చాలక సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మనిషి తల తిరిగి అక్కడే పడిపోతాడు. తలుపేసుకుని స్నానం చేస్తాం కదా, బయట ఎవరికీ తెలీదు.

పోయినేడు మా ఇంట్లోనూ బాత్రూంలోనే బిగించారు. ఉన్నది జానెడు కిటికీ, చలని దానికీ అట్ట అడ్డం పెట్టాం. ఓ పొద్దున మా అమ్మాయి కళ్ళు తిరుగుతున్నాయంటూ బయటికొచ్చి అరుగు మీద కూలబడింది. ఆ మర్నాడే గీజర్ని బయటి గోడకి మార్పించా. పైపు కాస్త ఎక్కువ పట్టింది, అంతే.