ప్రయోగం

చిల్లంగి పెట్టారని ఊళ్లో అనుకునేదాన్నే కాస్త చదువుకున్నవాళ్లు ‘ప్రయోగం చేశారు’ అంటారు. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరినా ప్రయోగమే. బడిలో లిట్మస్ కాగితం రంగు మారినా, వ్యాకరణంలో కర్తా కర్మా చోట్లు మారినా ప్రయోగమే. ఇన్ని పనులు చేసే ఈ మాట నాటకరంగంలోకి వచ్చేసరికి చిక్కిపోయింది. ప్రయోగాత్మక నాటకమంటే జనానికి ఓ పట్టాన అర్థం కానిది, తెరలూ సెట్టింగులూ లేనిది, రెండు మూడు సార్లు ఆడి ఆగిపోయేది అన్న భావం స్థిరపడింది. ఆ ఇరుకు అర్థం నాకు నచ్చదు. మన రంగస్థలం మీద జరిగిన పెద్ద ప్రయోగమొకటి దానివల్ల లెక్కలోకి రాకుండా పోతోంది.

‘యుజ్’ ధాతువుకు కలపడం, పూన్చడం అని అర్థాలు. ఎద్దును కాడికి కట్టే పని అది. ఉద్యోగం, ఉపయోగం, ప్రయోజనం కూడా ఆ కాడి కింద పుట్టినవే. సంస్కృత నాట్యశాస్త్రంలో ప్రయోగమంటే ప్రదర్శనే. కొత్తదా పాతదా అన్న పట్టింపు లేదు. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో ఇద్దరు నాట్యాచార్యులు తమలో ఎవరు గొప్పో తేల్చమని రాజు దగ్గరికి వస్తారు. తీర్పరిగా కూర్చున్న పరివ్రాజిక వాదాలు వద్దని, ప్రయోగం చూపమని అంటుంది. ‘శాకుంతలం’ మొదట్లో సూత్రధారుడి బెంగా ఇదే. విద్వాంసులు మెచ్చేదాకా తన ప్రయోగజ్ఞానం మీద తనకే నమ్మకం కుదరదు. రాసిన మాటను ఒంటికీ గొంతుకూ పూన్చి, నలుగురి ముందు నిలబెట్టి, నిలిచిందో లేదో చూసుకోవడం ప్రయోగం. మనవాళ్లు ‘వేషం కట్టాడు’ అనడంలోనూ ఆ పూన్చడమే ఉంది.

ప్రయోగానికి వాడుక అన్న అర్థమూ ఉంది. దాన్ని వెతుక్కుంటూ పాతపట్నం దాటి కొంచెం ముందుకెళ్తే పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు, సవర భాష నేర్చుకున్న ఊరు.  వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటంలో ఆయన పట్టుకున్న ఆయుధం కూడా ప్రయోగమే. పండితులు తప్పన్న రూపాలను పాత గ్రంథాల్లోంచి ఏరి ఎదుట పెట్టారు. పెద్దలు వాడారు కదా, వాడుక ఉండగా సూత్రం ఎలా అడ్డొస్తుందని నిలదీశారు. అదే వాడుకను నాటకానికి పూన్చినవాడు ఆయన బాల్యమిత్రుడు గురజాడ. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి రంగమెక్కింది. అప్పుడు వేదిక మీద వినిపించింది ప్రేక్షకులు ఇళ్లలో మాట్లాడుకునే తెలుగే. వ్యాకరణంలో ప్రయోగం, రంగస్థలంలో ప్రయోగం అక్కడ ఒకటైపోయాయి.

అయితే వాడని ప్రయోగం వట్టి ఉదాహరణగా మిగిలిపోతుంది. ‘కన్యాశుల్కా’నికి ఆ గతి పట్టకుండా కాచినవారిలో జె.వి. రమణమూర్తిది మొదటి వరస. 1933లో శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టి విజయనగరంలో పెరిగారు. ఆత్రేయ నాటకాలు ఆడారు. 1957లో ‘ఎం.ఎల్.ఏ.’తో సినిమాల్లోకి వెళ్లారు. వెళ్లినా ‘కన్యాశుల్కం’లో తాను వేసే గిరీశం పాత్రను వదల్లేదు. అన్న సోమయాజులుది అందులో రామప్ప పంతులు వేషం. సినిమా లోకం ఆయన్ని శంకరశాస్త్రిగా చూడడానికి చాలా ఏళ్ల ముందే ఉత్తరాంధ్ర ఆయన్ని ఆ పంతులుగా ఎరుగును.

‘కన్యాశుల్కం’ ఏడంకాల నాటకం. ఉన్నదున్నట్టు ఆడితే తెల్లారిపోతుంది. ఏది తీసెయ్యాలి, ఏది ఉంచాలి అన్నది దర్శకుడిగా రమణమూర్తి మీద పడ్డ భారం. మధురవాణి మాట ఒకటి తగ్గితే పంతులు నిలబడడు. అగ్నిహోత్రావధాన్లు ఇంటి రభస తగ్గిస్తే బుచ్చమ్మ దిగులు అందదు. కుదించిన ప్రతిని పట్టుకుని ఆయన నలభై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగారు. 1955లో ఎన్.టి. రామారావు గిరీశంగా సినిమా వచ్చింది. ఆ బొమ్మ కళ్లలో ఉన్న ప్రేక్షకుల్ని కూడా ఆయన ప్రతిసారీ కొత్తగా ఒప్పించాల్సి వచ్చేది. ఇంగ్లీషు ముక్కలు కలిపి గిరీశం కోసే కోతలు విజయనగరం యాసలో పడితేనే వాటి రుచి. ఆ యాస ఆయన పెరిగిన ఊరిదే. మోసగాడని తెలిసీ జనం ఆ మనిషికి లొంగిపోవాలి, లొంగినందుకు లోపల కాస్త సిగ్గుపడాలి. ఈ తూకం ఒకసారి కుదిరితే చాలదు, మర్నాడు ఇంకో ఊళ్లో మళ్లీ కుదరాలి. ఒకే నాటకాన్ని అన్నేళ్లు ఆడడంలో కొత్తదనమేముందని అడిగేవాళ్లకు కాళిదాసు సూత్రధారుడి బెంగే నా జవాబు.

‘ప్రయోక్త’ అన్న మాట ఇవాళ సభల్లో వక్తల్ని పిలిచేవారికీ, టీవీలో కార్యక్రమం నడిపేవారికీ వెళ్లిపోయింది. ఒకప్పుడది నాటకాన్ని కట్టి, ఆడి, ఆడించేవాడి పేరు. 2016లో కన్నుమూసిన రమణమూర్తి గురించి రాసేటప్పుడు నటుడు, దర్శకుడు అని విడదీసి రాస్తున్నారు. ప్రయోక్త అని రాస్తే ఆయన చేసిన పని మొత్తం ఆ ఒక్క మాటలో పడుతుంది.