గాజుతొట్టిలోకి వచ్చిన గెడ్డ చేపలు

విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రస్సెల్, ఆ తీరాన దొరికిన 200 చేపల బొమ్మలు గీయించి 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. మన జాలర్లు పిలిచే పేర్లనూ అందులో చేర్చాడు. ఎక్కువ భాగం సముద్రపు చేపలే. చిన్న మంచినీటి చేపలకు పెద్దపీట వేసింది 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ రాసిన గంగానది చేపల గ్రంథం. జీబ్రాచేప, తేనె గౌరామి, మన పరిగెలకు చుట్టమైన రోజీ బార్బ్ శాస్త్రానికెక్కింది ఆ ఒక్క పుస్తకంతోనే. ఈనాడు ఇళ్లలో ఒకే తొట్టిలో కలిసిమెలిసి బతికే సాధుచేపల్లో ఈ మూడూ ముఖ్యమైనవి.

పేరు పెట్టినంత తేలిక కాదు, చేపను ఇంట్లో బతికించడం. నీరు పాడయ్యేది, చేప తేలిపోయేది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1849లో రెండు బంగారు చేపలను వాలిస్నేరియా మొక్కతో కలిపి పెట్టి చూశాడు. ఆకులు కుళ్లి నీరు మురికైంది. అప్పుడు నత్తలను వదిలాడు. అవి కుళ్లిన ఆకు తిన్నాయి, వాటి గుడ్లను చేపలు తిన్నాయి, నీరు తేటపడింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఆ నత్తల ఘట్టమే.

అయినా అసలు పనివాళ్లు ఆయన కంటికి కనిపించలేదు. చేపల విసర్జనలోంచి పుట్టే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చేవి సూక్ష్మజీవులు. ఇలాంటి జీవులను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాద్‌స్కీ వేరుచేసి చూపాడు. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే చేపలన్నీ వేసేస్తే చనిపోయేది అందుకే.

జీబ్రాచేప కథ ఇంట్లోనే ఆగలేదు. చేపలు పెంచే సరదా ఉన్న జార్జ్ స్ట్రైసింగర్ అమెరికాలోని ఆరెగన్ విశ్వవిద్యాలయంలో దీన్ని ప్రయోగశాలకెక్కించి, 1981లో క్లోనింగ్ ఫలితాలు ప్రకటించాడు. 2013లో దీని జన్యుపటం వెలువడింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దీనిలో జోడు ఉందని తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ దీనిపై పరిశోధనలు సాగుతున్నాయి.

అరకు లాంటి చలిచోట తొట్టి పెట్టాలనుకునేవారికి నేను మొదట చెప్పేది జీబ్రాచేపే. వేడిదేశపు చేపలు చాలావాటికి హీటరు కావాలి, ఇది మాత్రం చల్లని నీటికి ఓర్చుకుంటుంది. ఒంటరిగా ఉంచితే బెదురుతుంది కాబట్టి కనీసం ఆరింటిని కలిపి పెంచండి. ఎగిరి దూకుతుంది, మూత తప్పనిసరి.

పెంచలేని రోజు వస్తే ఏ చేపనైనా మరొకరికి ఇవ్వండి. అరకు గెడ్డల్లో, గోస్తని నదిలో వదలకండి. తొట్టి శుభ్రం చేస్తుందని తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇప్పటికే ఆంధ్రా చెరువుల్లో, కృష్ణలో పాతుకుపోయి జాలర్ల వలలను చింపుతోంది.